మీ వీధి చెట్టుకి పేరు బోర్డు రాసే ముందు

మా కాలనీ పార్కులో ప్రహరీ వెంట సన్నగా, పొడుగ్గా నిలబడ్డ చెట్ల వరస ఒకటుంది. విశాఖలో ఏ అపార్టుమెంటు గోడ పక్కన చూసినా కనిపించేవే. పోయినేడు వాటికి రేకు బోర్డులు తగిలించారు. పైన తెలుగులో ‘అశోక’, కింద లాటిన్‌లో ‘సరాకా అశోకా’. నెల తిరక్కుండానే మా వెనక వీధి మామ్మగారు ఒకావిడ చాకు పట్టుకుని బెరడు చెక్కుతూ కనిపించారు. కోడలికి కషాయం కాచిద్దామనట. “బోర్డు మీద రాసుంది కదమ్మా” అన్నారు. అశోక బెరడుని ఆయుర్వేదంలో ఆడవాళ్ళ నెలసరి బాధలకు వాడతారన్నది నిజమే. అశోకారిష్టంలో వేసేది ఆ బెరడే. కానీ ఆవిడ చెక్కుతున్న చెట్టు అది కాదు. అది నరమామిడి. “మామ్మగారూ, ఇది ఆ అశోకం కాదండీ” అని చెప్పి, ఆ ముక్కలు ఆవిడ చేత పారబోయించేదాకా నాకు గుండె దడ తగ్గలేదు.

బోర్డు రాసినవాళ్ళని నేను తప్పు పట్టను. ఊరంతా అశోక అనే పిలుస్తుంది, వాళ్ళూ అదే రాశారు. తర్వాత ఆ మాటని ఫోనులో వెతికి, మొదట కనిపించిన లాటిన్ పేరు దించారు. ఒక మాట నుంచి ఇంకో మాటకి వెళ్ళిపోయారు, మధ్యలో చెట్టు దగ్గర ఆగలేదు. వచ్చిన చిక్కంతా అక్కడిదే. అప్పటి నుంచి పార్కులో బోర్డులన్నీ మళ్ళీ రాయించే పని నేను నెత్తినేసుకున్నాను. ఆ పని చేస్తూ కుదుర్చుకున్న పద్ధతి ఇక్కడ చెబుతున్నాను. మీ వీధికైనా, పిల్లల బడికైనా, మేడ మీద కుండీలకైనా ఇది సరిపోతుంది.

ముందు రెండు పేర్ల సంగతి

వాడుక పేరు మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి పుట్టింది. తిండికి పనికొస్తే ఒక పేరు, మందుకి పనికొస్తే ఇంకో పేరు, దేన్నో పోలి ఉంటే ఆ పోలికతో మరో పేరు. ఎవరి ఊళ్ళో వాళ్ళు పెట్టుకున్నారు. అందుకే ఒక్క మొక్కకి పది పేర్లుంటాయి, ఒక్క పేరు కింద నాలుగు మొక్కలుంటాయి. శాస్త్రీయ నామం అలా కాదు. ఏ దేశంలో పలికినా ఒక్క మొక్కనే చూపించాలన్న కట్టుబాటుతో పెట్టింది. స్వీడన్ దేశస్థుడు కార్ల్ లినేయస్ 1753లో అచ్చు వేసిన ‘స్పీసీస్ ప్లాంటారమ్’ నుంచి మొక్కల పేర్ల లెక్క మొదలవుతుంది. అందులో ఒక్కో పేరుకీ రెండే మాటలు: మొదటిది ప్రజాతి, రెండోది జాతి.

తెలుగువాళ్ళకి ఇందులో కొత్తేమీ లేదు. మనం ఇంటిపేరు ముందు చెప్పి, సొంత పేరు తర్వాత చెబుతాం. లాటిన్‌లోనూ అదే వరస. మన వేప ‘అజాడిరాక్టా ఇండికా’. అంటే అజాడిరాక్టా వారి ఇండికా.

ఈ ఇంటిపేరు ఎంత పనిచేస్తుందో చూడండి. మర్రిపాలెం పేరులో ఉన్న మర్రి, గుడి అరుగు మీది రావి, గెడ్డ ఒడ్డున కాసే మేడి. తెలుగులో ఈ మూడు మాటలకీ చుట్టరికం వినిపించదు. లాటిన్‌లో మూడింటిదీ ఒకే ఇంటిపేరు: ఫైకస్ బెంగాలెన్సిస్, ఫైకస్ రెలిజియోసా, ఫైకస్ రెసిమోసా. మేడిపండు విప్పినట్టే ఓ మర్రిపండూ రావిపండూ విప్పి చూడండి. మూడింటిలోనూ పువ్వులన్నీ పండు లోపలే దాక్కుని ఉంటాయి.

గన్నేరు దగ్గర సరిగ్గా దీనికి తిరగబడుతుంది. ఎర్రగన్నేరు, పచ్చగన్నేరు, బిళ్ళగన్నేరు, దేవగన్నేరు అని మనం నలుగురినీ ఒక ఇంటివాళ్ళని చేశాం. శాస్త్రం లెక్కలో అవి వరసగా నీరియం, కాస్కబెలా, కాథరాంథస్, ప్లూమీరియా. నాలుగు వేర్వేరు ఇంటిపేర్లు. పెద్ద కుటుంబం ఒకటే, కానీ ఒకదాని బదులు ఒకటి వాడితే ప్రాణం మీదికి వస్తుంది. బిళ్ళగన్నేరు నుంచి విన్‌క్రిస్టీన్, విన్‌బ్లాస్టీన్ అనే క్యాన్సర్ మందులు తీస్తారు. పచ్చగన్నేరు గింజ గుండెని ఆపేసే విషం. ‘గన్నేరు మందుకి మంచిదట’ అని ఎవరైనా అంటే, ఏ గన్నేరు అని అడక్కుండా ఆ మాట ముందుకి పంపకండి.

మొదటి పని: అడిగి రాసుకోండి

ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. ఒక్కో చెట్టుకి ఒక్కో పేజీ. వాచ్‌మన్‌ని, తోటమాలిని, పొద్దున్నే పూలు కోసుకునే ఆడవాళ్ళని అడగండి. వాళ్ళు పలికినట్టే రాయండి, సవరించకండి. బీచ్ రోడ్డు పక్కన సరివి అన్నవాళ్ళ మాట సరివి అనే రాయాలి, సరుగుడు అన్నవాళ్ళది సరుగుడు అనే రాయాలి. పేరు పక్కనే మూడు సంగతులు చేర్చండి: చెప్పినవాళ్ళది ఏ ప్రాంతం, మొక్కలో ఏ భాగం వాడతారు, దేనికి వాడతారు.

ఈ మూడూ ఎందుకో జీలుగు చెబుతుంది. పాడేరు కొండల నుంచి వచ్చినాయన్ని జీలుగు అంటే ఏంటని అడగండి, కల్లు గీసే చెట్టంటాడు. అనకాపల్లి వైపు రైతుని అడగండి, వరికి ముందు చల్లి కలియదున్నే పచ్చిరొట్ట అంటాడు. ఇద్దరి మాటా నిజమే. మొదటిది కారియోటా యూరెన్స్, చేప తోకలాంటి ఆకులున్న తాటి కుటుంబపు చెట్టు. యూరెన్స్ అంటే మండించేది, దాని కాయ రసం ఒంటికి తగిలితే తెలుస్తుంది ఎందుకో. రెండోది సెస్బేనియా బైస్పినోసా, మనిషెత్తు పెరిగే చిక్కుడు కుటుంబపు మొక్క. ఊరూ వాడకమూ రాసుకోకపోతే మీ పుస్తకంలో ఈ రెండూ కలిసిపోతాయి.

అవిసె కూడా ఇలాంటిదే, ఇక్కడ ఏ భాగమన్నదే గుట్టు విప్పుతుంది. ‘అవిసె గింజలు’ అని కిరాణా కొట్లో కొనేది లైనమ్ యుసిటాటిసిమమ్. ఆ రెండో మాటకి ఎంతో ఉపయోగపడేది అని అర్థం. దాని నారతోనే లినెన్ బట్ట నేస్తారు. ‘అవిసె ఆకు’, ‘అవిసె పువ్వు’ అని కూర వండేది వేరే చెట్టు, సెస్బేనియా గ్రాండిఫ్లోరా. ఇంటిపేరు గమనించారా? ఇందాకటి పచ్చిరొట్ట జీలుగదీ అదే. తెలుగులో ఒకే పేరున్న రెండు అవిసెలకీ ఏ సంబంధమూ లేదు. పేరు కలవని అవిసె చెట్టూ జీలుగా మాత్రం అక్కాచెల్లెళ్ళు.

రెండో పని: పేరుని విడదీయండి

మన మొక్కల పేర్లలో చాలావాటికి ముందొక విశేషణం ఉంటుంది: నేల, కొండ, అడవి, సీమ, రాచ, పిచ్చి, కుక్క, దేవ. దాన్ని విడదీసి, మిగిలిన మాటకీ దీనికీ నిజంగా బంధుత్వం ఉందా అని అనుమానించండి. ఒక్కోసారి ఉంటుంది. ఉసిరి, రాచ ఉసిరి, నేల ఉసిరి మూడూ ఫిల్లాంథస్ ప్రజాతివే. ఒకటి చెట్టు, ఇంకోటి అడుగెత్తు కలుపు మొక్క. అయినా రెమ్మ వెంట వరసగా వేలాడే ఆ చిన్న కాయల పోలిక మన పెద్దవాళ్ళు శాస్త్రం రాకముందే పట్టుకున్నారు. నాకు ఈ పేరంటే చాలా గౌరవం.

వేప దగ్గర సగమే కుదురుతుంది. తురకవేప (మీలియా అజెడరాక్) వేప కుటుంబానిదే. కరివేప నిమ్మ, నారింజల కుటుంబానిది. నేలవేము (ఆండ్రోగ్రాఫిస్ పానిక్యులాటా) అడ్డసరం కుటుంబానిది, చేదు తప్ప వేపతో దానికి ఏ పొత్తూ లేదు. వామాకు విత్తనం వేస్తే వాము రాదు. బజ్జీలు వేసుకునే దళసరి నూగాకు కోలియస్ అంబోయినికస్, తులసి కుటుంబం. డబ్బాలోని వాము ధనియాల కుటుంబం. రెండింటి వాసనలో ఉన్న ఒకే ఘాటు వల్ల వచ్చిన పేరది. ‘సీమ’ అని ఉంటే సముద్రం దాటి వచ్చిందని చాలాసార్లు అర్థం. సీమచింత మెక్సికో వైపు నుంచి వచ్చిందే.

మూడో పని: చెట్టు దగ్గర నిలబడండి

దీనికి తొందర పడకూడదు. ఒక్కో చెట్టుకి పావుగంట ఇవ్వండి.

మొదట ఆకు. ఒక ఆకు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తేల్చుకోవాలి. చాలామంది తడబడేది ఇక్కడే. కాడ కొమ్మకి అతుక్కున్న మూలలో చిన్న మొగ్గ ఉంటుంది. ఆ మొగ్గ పైనున్నదంతా కలిపి ఒకే ఆకు. వేపరెమ్మ అనుకునేది నిజానికి ఒక్క ఆకు, అందులో పది పదిహేను చిట్టి ఆకులుంటాయి. చిట్టి ఆకు మొదట్లో మొగ్గ ఉండదు, వేలితో తడిమి చూడండి.

ఈ ఒక్క పరీక్షతో మా పార్కు బోర్డు తేలిపోయింది. నరమామిడి ఆకు ఒంటిది. పొడుగ్గా, అంచులు అలలు తిరిగి, కొమ్మకి అటొకటి ఇటొకటి ఉంటుంది. అసలైన అశోకం ఆకు జతలు జతలుగా చిట్టి ఆకులున్నది. లేతాకులు రాగి రంగులో, ప్రాణం లేనట్టు కిందికి జారి వేలాడతాయి. పువ్వు చూస్తే ఇంకా సందేహమే ఉండదు. నరమామిడి పువ్వు ఆరు సన్నటి రేకుల లేతాకుపచ్చ నక్షత్రం, ఆకుల్లో కలిసిపోతుంది. అశోకం పువ్వులు ముదురు కొమ్మల మీదే గుత్తులు కట్టి, నారింజ రంగులో విచ్చి ఎర్రబడతాయి. వాటికి రేకులే ఉండవు. రంగంతా రక్షకపత్రాలది, బయటికి పొడుచుకొచ్చే కేసరాలది. కాయ కూడా వేరే: నరమామిడికి గుత్తులుగా నల్లటి పళ్ళు, రాత్రి గబ్బిలాలు తిని గింజలు మెట్ల మీద పడేస్తాయి. అశోకానిది చిక్కుడులాంటి కాయ.

తర్వాత ఆకు తుంచి పాలొస్తాయేమో చూడండి. వస్తే ఆ చేత్తో కళ్ళు నులుముకోకండి. హుద్‌హుద్ తుపాను తర్వాత మన రోడ్ల పక్కన విరివిగా నాటిన ఏడాకుల పాల (ఆల్‌స్టోనియా స్కాలారిస్) ఇలాగే పట్టుబడుతుంది. తుంచితే పాలు, కణుపు చుట్టూ గొడుగులా ఆకులు. ఏడే ఉండాలని లేదు, లెక్కపెడితే ఐదో ఆరో కూడా రావచ్చు.

సంపెంగ విషయంలో చేత్తో తాకి చూడటం ఎంత ముఖ్యమో నాకు సింహాచలం కొండ కింద తెలిసింది. అక్కడ బుట్టల్లో అమ్మే పసుపు పువ్వు మాగ్నోలియా చంపాకా, పెద్ద చెట్టు. ఒకసారి ఒకావిడ బుట్టలో ఓ పక్కన ఆకుపచ్చ సంపెంగలు కూడా ఉన్నాయి. ఆకు సంపెంగ, మనోరంజితం అంటారు. ముగ్గిన పండు వాసన. కాడ పట్టుకుని పైకి తీయబోతే వేలికి ఏదో పట్టేసింది. చూస్తే పువ్వు కాడే గట్టిగా కొక్కెంలా వంగి ఉంది. ఆ కొక్కెంతోనే ఆ మొక్క పక్క కొమ్మల్ని పట్టుకుని పాకుతుంది. ఆర్టాబోట్రిస్ హెక్సాపెటాలస్ దాని పేరు. సీతాఫలం కుటుంబం, మన నరమామిడిదీ అదే కుటుంబం. పసుపు సంపెంగకి ఆ కొక్కెం ఉండదు. వాసనని బట్టి ఇద్దరికీ ఒక పేరు పెట్టాం. కాడ తడిమితే వేరని వేలే చెబుతుంది.

సరివి ఆకు కూడా ఒకసారి తీసి చూడండి. అది ఆకు కాదు. సూదిలా ఉన్నది సన్నటి కొమ్మ. రెండు చేతుల్తో లాగితే కణుపు దగ్గర టప్పున ఊడి వస్తుంది. ఊడిన చోట చుట్టూ రంపపు పళ్ళలా కనిపించే పొలుసులే దాని అసలు ఆకులు. చిన్నప్పుడు మేం దాన్ని మళ్ళీ అతికించి, ఎక్కడ విరిగిందో చెప్పమని పందెం కాసేవాళ్ళం. కాజువారినా ఈక్విసెటిఫోలియా అన్న పేరులో రెండో మాట, ఈక్విసెటం అనే కణుపుల మొక్కలాంటి ఆకులున్నది అని చెబుతుంది. ఒకసారి ఊడదీసి చూసినవాళ్ళకి ఆ పేరు బట్టీ పట్టక్కర్లేదు.

చూసినవన్నీ ఫోటో తీయండి: చెట్టు మొత్తం, బెరడు, కొమ్మకి ఆకు అతికిన చోటు, ఆకు అడుగు పక్క, పువ్వుని పక్క నుంచి ఒకటి ఎదురుగా ఒకటి, కాయని కోసి ఒకటి. పక్కన స్కేలో రూపాయి బిళ్ళో పెట్టండి.

నాలుగో పని: ఫోను చెప్పినదాన్ని సరిచూడండి

ఇప్పుడు ఐనాచురలిస్ట్, ప్లాంట్‌నెట్ లాంటి యాప్‌కి ఆ ఫోటోలు ఇవ్వండి. అది నాలుగైదు పేర్లు చూపిస్తుంది. వాటిని అనుమానితుల జాబితాలాగే తీసుకోండి, తీర్పు మీదే. ఒక్కో పేరుకీ వర్ణన చదివి మీ పేజీలో రాసుకున్న ఆకు, పువ్వు, కాయలతో పోల్చండి. బెంగళూరు ఐఐఎస్సీ వాళ్ళ ‘ఇండియా ఫ్లోరా ఆన్‌లైన్’లో ఫోటోలు, ఏ రాష్ట్రంలో దొరుకుతుందన్న వివరం ఉంటాయి. లండన్ క్యూ గార్డెన్స్ వాళ్ళ ‘ప్లాంట్స్ ఆఫ్ ది వరల్డ్ ఆన్‌లైన్’లో ఆ పేరు ఇప్పుడు చెల్లుతుందో లేదో తెలుస్తుంది. రెండూ ఉచితం.

అప్పటికీ తేలకపోతే పువ్వో కాయో ఉన్న చిన్న రెమ్మ కోసి, పాత దినపత్రికల మధ్య పెట్టి, పైన బరువు ఉంచండి. మన ఊరి తేమకి కాగితాలు రోజూ మార్చకపోతే బూజు పడుతుంది. వారం పదిరోజుల్లో ఎండిన ఆ నమూనాని, మీ నోటు పుస్తకం పేజీతో సహా, వృక్షశాస్త్రం చెప్పే కాలేజీకి తీసుకెళ్ళండి. ఆంధ్ర విశ్వవిద్యాలయం మన ఊళ్ళోనే ఉంది. ఫోటో ఒక్కటే చూపిస్తే ‘అయ్యుండొచ్చు’ అంటారు, ఎండు నమూనా చేతికిస్తే పువ్వు విప్పి చూస్తారు.

ఐదో పని: లాటిన్ పేరుని తప్పు లేకుండా రాయండి

ఇక్కడ మీరు చదువుకోవడానికి వీలుగా తెలుగు లిపిలో రాస్తున్నాను కానీ బోర్డు మీద లాటిన్ అక్షరాల్లోనే రాయించండి. మొదటి మాట కాపిటల్‌తో మొదలవ్వాలి, రెండో మాట మొత్తం చిన్నక్షరాలే. ఊరి పేరు మీద వచ్చినా, మనిషి పేరు మీద వచ్చినా అంతే. రెండూ వాలు అక్షరాల్లో ఉండాలి. పెయింటర్‌కి అది కుదరకపోతే కింద గీత గీయించండి.

ఆ తర్వాత నిటారు అక్షరాల్లో పేరు పెట్టినవాళ్ళ పొట్టి గుర్తు వస్తుంది. ‘ఎల్.’ అని ఒక్కక్షరం ఉంటే లినేయస్. ‘రాక్స్‌బ్.’ అని ఉంటే విలియం రాక్స్‌బర్గ్. మన వైపు చెట్ల పేర్ల వెనక ఈయన తరచూ కనిపిస్తాడు, కారణం ఉంది. ఈస్టిండియా కంపెనీ డాక్టరుగా వచ్చి, 1793లో కలకత్తా బొటానికల్ తోటకి వెళ్ళేదాకా సామర్లకోటలో ఉండి మొక్కలు చూశాడు, బొమ్మలు గీయించాడు, తెలుగు పేర్లు అడిగి రాసుకున్నాడు. మీరు నోటు పుస్తకంతో చేస్తున్న పనే. ఆ అడిగిన మాటల్లో కొన్ని లాటిన్‌లోకి ఎక్కాయి. సోమిద చెట్టు శాస్త్రీయ నామం సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా. ఇంటిపేరు మన తెలుగు మాటే, రెండో మాటకి జ్వరాన్ని తరిమేది అని అర్థం. అశోకం పేరులో ఉన్న ‘అశోకా’ని నిలబెట్టిందీ ఆయనే. ఆయన పెట్టిన ఇంటిపేరు వేరు, జోనేసియా. అందుకే ఇప్పటి పేరు వెనక రాక్స్‌బ్. అన్నది బ్రాకెట్లో ఉంటుంది. బ్రాకెట్ కనిపిస్తే, మొదట పేరు పెట్టినాయన వేరే ఇంట్లో పెట్టాడు, తర్వాతివాళ్ళు ఈ ఇంటికి మార్చారు అని చదువుకోండి.

రెండో మాటకి అర్థం తెలిస్తే మొక్క గుర్తుంటుంది. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర రైటియా టింక్టోరియా. టింక్టోరియా అంటే రంగులద్దేది, దాని ఆకు నుంచి నీలం రంగు తీసేవారు. ఇసుకలో పాకే ఊదాపూల తీగ ఐపోమియా పెస్-కాప్రే. పెస్-కాప్రే అంటే మేక కాలు, రుషికొండ ఇసుకలో ఒక్క ఆకు చూస్తే గిట్ట కనిపిస్తుంది. అయితే ఆ మాటని సాక్ష్యంగా పట్టుకోకండి. చింతచెట్టు టామరిండస్ ఇండికా, కానీ దాని పుట్టిల్లు ఆఫ్రికా. కాఫీ తోటల్లో నీడకి, మిరియం తీగ పాకడానికి అరకు దారంతా నాటిన సిల్వర్ ఓక్ ఓక్ కానే కాదు, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన గ్రెవిల్లియా రోబస్టా.

పేరు మారిందంటే

శాస్త్రీయ నామం ఎప్పటికీ మారదని బడిలో చెప్పారు. మారుతుంది. నరమామిడిని 1782లో ఉవారియా అన్నారు, తర్వాత పాలియాల్థియా లాంగిఫోలియా, 2012 నుంచి మోనూన్ లాంగిఫోలియం. దత్తత వెళ్ళిన పిల్లాడికి ఇంటిపేరు మారి సొంత పేరు మిగిలినట్టు, రెండో మాట మిగిలింది. కొత్త ఇంటికి తగ్గట్టు చివర కాస్త సర్దుకుంది. ఏజెన్సీలో విస్తళ్ళు కుట్టే అడ్డాకు బాహీనియా వాహ్లీగా ఉండేది, ఇప్పుడు ఫనేరా వాహ్లీ. సింహాచలం సంపెంగ పాత పుస్తకాల్లో మిచెలియా చంపాకా. వామాకు కోలియస్ నుంచి ప్లెక్ట్రాంథస్‌కి వెళ్ళి మళ్ళీ కోలియస్‌కి వచ్చేసింది. చుట్టరికాలు కొత్తగా తెలిసినప్పుడల్లా ఇలా మారుస్తారు.

తులసి కథ వేరు. ఆసిమమ్ టెన్యుఫ్లోరమ్ అని 1753లో ఒకసారి, ఆసిమమ్ సాంక్టమ్ అని 1767లో ఇంకోసారి, లినేయస్సే రెండు పేర్లు పెట్టాడు. రెండూ ఒకే మొక్కని తేలాక ముందు పెట్టిందే నిలవాలన్న నియమం ప్రకారం టెన్యుఫ్లోరమ్ నిలిచింది. పవిత్రమైనది అని అర్థమున్న సాంక్టమ్ పక్కకి జరిగింది. నాకు కష్టంగానే ఉంటుంది, కానీ బోర్డు మీద నిలిచిన పేరే రాయిస్తాను. పాత పేరు కింద చిన్న అక్షరాల్లో ఉంచండి. పాత పుస్తకం చదివి వచ్చినవాళ్ళు తికమక పడకుండా ఉంటారు.

బోర్డు

తెలుగు పేరు అన్నిటికంటే పెద్దగా ఉండాలి. దాని కింద మిగతా వాడుక పేర్లన్నీ రాయాలి. మా పార్కు కొత్త బోర్డు మీద ‘నరమామిడి’ అని ఉంది, కింద ‘అశోక అని కూడా పిలుస్తారు, అశోకారిష్టంలో వాడే చెట్టు ఇది కాదు’ అని ఉంది. జనం పిలిచే పేరు కొట్టేస్తే వాళ్ళకి బోర్డు మీద నమ్మకం పోతుంది. ఆ తర్వాత శాస్త్రీయ నామం, కుటుంబం, పుట్టిన దేశం. ఔషధ గుణాలు మాత్రం రాయకండి. బెరడు మిగలదు, తాగినవాళ్ళ ఆరోగ్యమూ మిగలదు.

ఇనప రేకు మన ఉప్పుగాలికి నిలవదు. అల్యూమినియం గాని యాక్రిలిక్ గాని వాడండి. చెట్టుకి మేకు కొట్టొద్దు. తీగ చుట్టి బిగించినా మాను లావెక్కే కొద్దీ కోసుకుపోతుంది. పక్కన చిన్న సిమెంటు దిమ్మ కట్టి దాని మీద నిలబెట్టడం మేలు.

పంపు గది పక్కన పోయిన వానాకాలంలో ఒక అశోకం మొక్క నాటాం. నర్సరీలో పేరు చూడలేదు, ఆకు జతలు లెక్కపెట్టి తెచ్చాను. ఇప్పుడు నడుమెత్తు ఉంది. రాగి రంగు చిగురు వచ్చినప్పుడల్లా మామ్మగారు ఆగి చూస్తున్నారు. దాని దిమ్మ మీద పై వరస రాయించాను. కింది వరస పువ్వు చూశాక రాయిస్తాను.